యాడ రాజు

“కళ్ళజోడు పోయింది అంటే, యాడ పోయింది అని అడుగుతావేందయ్యా? యాడ పోయిందో తెలిస్తే, పోయింది అని ఎందుకంటాను?”

“పోకముందు యాడ ఉండె?”

“మొగం మీద ఉండె!”

“మొగం యాడ ఉండె?”

“నా మొగం నా మెడ మీదే ఉండె! నిన్ను కట్టుకున్న పాపానికి ఇంగ కొన్నాళ్ళకు అది కూడా యాడుండాదో తెలీకుండా పోతాది!”

లోపల స్టీలు పళ్ళెం ఒకటి నేలకు తగిలి, గుండ్రంగా తిరిగి తిరిగి పడుకుంది. రోనాల్డ్ గడప దాటకుండా బయట మెట్టు మీదే కూర్చున్నాడు. ఇరవై మూడేళ్ళలో అతను నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం ఏమంటే, మేనత్తా మామల పోట్లాట నడుమకు పోతే ఇద్దరూ ఒక్కటై అతని మీద పడతారు. కాలేజీ ఎందుకు మానేశావు దగ్గర మొదలుపెట్టి గడ్డం ఎందుకు గీయలేదు దాకా వస్తారు.

“కళ్ళజోడు ఇడువు.” ఎస్తరమ్మత్త గొంతు తగ్గింది. “రేపు ఆ స్కానింగు వద్దనే అనిపిస్తా ఉండాది. తల్చుకుంటే భయంగా ఉండాది.”

“భయం యాడ?”

రోనాల్డ్ రెండో పళ్ళెం కోసం ఎదురుచూశాడు. పడలేదు.

“భయానికి ఒక చోటుంటాదా? ఒళ్ళంతా ఉండాది.”

“ఒళ్ళంతా ఏదీ ఉండదు ఎస్తరూ. సరిగా చూడు. గుండెలోనా, కడుపులోనా?”

“…కడుపులో.”

“పైనా, కిందా?”

“పైన.”

“అట్లయితే సగం భయం, సగం ఆకలి. పొద్దున్నుంచి నువ్వు తినలేదు. ముద్ద పెట్టు, తిందాం. రేయ్ రోనీ! మెట్టు మీద కూర్చుని వినింది చాలు, నువ్వూ రా!”

అమృతరాజు అంటే ఇంతే. ఎవరు, ఎందుకు, ఎప్పుడు, ఎట్లా అన్న ప్రశ్నలన్నీ లోకానికి వదిలేసి, తను మాత్రం ‘యాడ?’ అన్న ఒక్క మాట పట్టుకుని డెబ్బై రెండేళ్ళు లాగించాడు. ఊరిగాంలో పాత కంపెనీ ఇళ్ళ వరుసలో ఆయన్ని అమృతరాజు అనేది రేషన్ కార్డు ఒక్కటే. మిగతా అందరికీ యాడ రాజు.

కోలారు బంగారు గనులు నడిచిన కాలంలో అది పిచ్చి కాదు, ఉద్యోగం. సర్వే ఆఫీసులో కొలత టేపు పట్టుకునే పనికి చేరి ముప్పై ఏళ్ళు భూమి కింద తిరిగాడు. అక్కడ సూర్యుడు లేడు, తూర్పు పడమరలు లేవు. ఆ కొస నుంచి ఒకడు, ఈ కొస నుంచి ఒకడు రాయి తొలుచుకుంటూ వచ్చి నడుమ కలవాలంటే, ఎవడు ఎక్కడున్నాడో గీసిన ప్లాను ఒక్కటే దిక్కు. అందుకని మామ చెవి మీద ఎప్పుడూ రెండు పెన్సిళ్ళు ఉండేవి. చూసి కొలిచిన చోటికి నీలం, అపాయానికి ఎరుపు. గనులు మూతపడిన రోజున కంపెనీ టేపును వెనక్కి తీసుకుంది. ప్రశ్నను తీసుకోవడం మర్చిపోయింది. అది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటి నుంచి ఆ ప్రశ్న ఊరి మీద పడి తిరుగుతోంది.

ఆకుకూరలమ్మే మునివెంకటమ్మ ఒకరోజు గంప దించి, “మోకాలు నొప్పి సామీ” అంది. మర్యాదకు అన్న మాట అది. తెలిసినవాళ్ళెవరైనా “అయ్యో” అని తోటకూర కట్ట తీసుకుంటారు.

“యాడ?” అన్నాడు మామ.

“మోకాల్లో.”

“మోకాల్లో యాడ?”

ఆమె మోకాలు చూపించలేదు కాబట్టి, ఆయనే పంచె పైకి లాగి తన మోకాలు ముందుకు చాచాడు. “ఇది నీదే అనుకో. చూపించు.” ఆమె దూరం నుంచే తోటకూర కాడతో చూపించింది. కాడ ఆగిన చోటల్లా మామ తన మోకాలి మీద నీలం పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టుకున్నాడు. నాలుగు గుర్తులు. వారం రోజులు ఆ కాలికి సబ్బు తగలనివ్వలేదు. ముసలాయనకు మతి తప్పిందని వీధి వీధంతా నవ్వింది.

చర్చిలో ఇంకా ఘోరం. క్లెమెంట్ అయ్యగారు తప్పిపోయిన గొర్రె మీద ప్రసంగం చేస్తున్నారు. తొంభై తొమ్మిదింటినీ విడిచిపెట్టి కాపరి ఆ ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు అన్నారో లేదో, వెనక బెంచీ నుంచి, “యాడికి?”

అయ్యగారు అలవాటైన మనిషి. “వెతకడానికి అమృతరాజూ.”

“అదే అయ్యా, ఏ దిక్కుకు? గొర్రెను కడసారి యాడ చూసినాడో లెక్కలోకి తీసుకోకుండా పోతే, సాయంత్రానికి కాపరి కూడా తప్పిపోతాడు.”

ఆ ఆదివారం ప్రసంగం అక్కడితో ముగిసింది. అయ్యగారికే నవ్వు ఆగలేదు.

ఊళ్ళో అందరికంటే ఆ ప్రశ్నను ఎక్కువగా అసహ్యించుకున్నది రోనాల్డ్. కారణం పెద్దదేమీ కాదు, అతని దగ్గర జవాబు ఉండేది కాదు. బెంగళూరులో ఇంజనీరింగు రెండో ఏడు నడుమలో, ఒక ప్రొఫెసరు ఎదుటే పుస్తకం మూసి బయటికి వచ్చేశాడు. ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే బ్యాగు తగిలించుకుని మారికుప్పం బండి ఎక్కడం, బెంగళూరు దాకా పోవడం, అదే బండిలో తిరిగి రావడం. అట్లా నాలుగు రోజులు. నాలుగో రోజు బంగారపేట దాటాక మామ చేతిలో టిఫిను క్యారియరుతో పెట్టెలోకి వచ్చాడు.

“యాడికి?” అన్నాడు.

“ఊరికే” అన్నాడు రోనాల్డ్, కిటికీ వైపు చూస్తూ.

“సరే. నేను బంగారపేటలో బీన్సు విత్తనాలకని వచ్చినాను. పనైపోయింది. ‘ఊరికే’ అనే స్టేషను వచ్చేదాకా నీతో వస్తా.” అని ఎదురుగా కూర్చుని క్యారియరు విప్పాడు. పెరుగన్నం. తిట్టలేదు. ఇంట్లో చెప్పనూ లేదు. ఆ సాయంత్రం రోనాల్డే చెప్పుకున్నాడు. తర్వాత సెల్‌ఫోన్ల షాపు, పార్సిళ్ళ పని, ఇంకో రెండు ఉద్యోగాలు. అన్నీ మానేశాడు. మానేసిన ప్రతిసారీ వీధి మొదట్లోనే ఆ ప్రశ్న చెవిన పడేది. “ఇప్పుడు యాడ?”

ఇంత ‘యాడ’ల మధ్య, మామకు రెండేళ్ళ కిందట ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. మూత్రసంచి కింద మగవాళ్ళకు ఉండే చిన్న గ్రంథి. ఆపరేషన్ చేసి తీసేశారు. అప్పటి నుంచి మూడు నెలలకోసారి రక్తం పరీక్ష. పీఎస్ఏ అని ఒక అంకె. గ్రంథి పోయాక అది సున్నా దగ్గర నిద్రపోవాలి. రెండేళ్ళు బుద్ధిగా నిద్రపోయి, ఈ వేసవిలో లేచి కూర్చుంది. తర్వాతి పరీక్షకు నడక మొదలుపెట్టింది.

బెంగళూరు ఆసుపత్రికి తోడుగా రోనాల్డే వెళ్ళాడు. అతనికంటే ఖాళీగా ఉన్న మనిషి ఇంటి చుట్టుపక్కల దొరకలేదు. డాక్టరు చంద్రిక కోలారు జిల్లా మనిషేనని మామ మొదటి రోజే కనిపెట్టాడు. ఎట్లాగంటే, అదే ప్రశ్నతో.

“మీది యాడమ్మా?”

“శ్రీనివాసపురం అప్పా.”

“శ్రీనివాసపురంలో యాడ?”

“మామిడికాయల మండీ వెనక సందు. కుడిచేతి పక్క మూడో ఇల్లు.”

మామ తృప్తిగా తలాడించాడు. చోటు సరిగా చెప్పగలిగిన డాక్టరు కత్తి కూడా సరిగానే పెడుతుందని ఆయన నమ్మకం.

ఆ డాక్టరమ్మ ఈసారి రిపోర్టు ముందు పెట్టుకుని చెప్పింది. “అప్పా, అంకె సున్నా పాయింట్ ఎనిమిదికి వచ్చింది. అంటే ఆ కణాలు లోపల యాడో మళ్ళీ తలెత్తినాయి.”

“యాడ?”

రోనాల్డ్ సిగ్గుతో నేల చూశాడు. డాక్టరమ్మ మాత్రం పెన్ను కింద పెట్టింది.

“అదే అప్పా అసలు ప్రశ్న. చానా మంచి ప్రశ్న అడిగినారు.”

మామ కుర్చీలో కొయ్యబారిపోయాడు. జీవితంలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. పెళ్ళాం అనలేదు, అయ్యగారు అనలేదు, గనుల్లో దొర అనలేదు. మెల్లగా తల తిప్పి రోనాల్డ్ వైపు ఒక చూపు చూశాడు. ఒలింపిక్స్‌లో మెడల్ తీసుకునేవాళ్ళు అట్లా చూస్తారు.

“క్యాన్సర్ ఉందని మాత్రమే అంకె చెప్తాది. చోటు చెప్పదు” అంది డాక్టరమ్మ. “మామూలు స్కానుల్లో ఇంత చిన్నది కనపడదు. పెట్ స్కాన్ అని ఉండాది. ఒక మందు సూదితో ఎక్కిస్తాము. అది రక్తంలో తిరిగి, ప్రోస్టేట్ క్యాన్సర్ కణం యాడుంటే ఆడ పోయి పట్టుకుంటాది. ఆ మందుకు కొంచెం రేడియేషన్ తగిలించి ఉంటాది కాబట్టి, పట్టుకున్న చోటు మిషనులో వెలుగుతాది.”

“అంటే లోపలికి దీపం పెట్టిన మనిషిని దించుతారు. గనిలో మా టోపీ దీపం మాదిరి.”

“అంతే. కానీ ఒక మాట. ఈ అంకె దగ్గర ఒక్కోసారి ఏమీ కనపడకుండా కూడా పోవచ్చు. కనపడితే, ఒకటి రెండు చోట్లే ఉంటే, గురి చూసి రేడియేషన్ పెట్టొచ్చు. పూర్తిగా నయమయ్యేట్టు వాసి చేద్దామనే చూస్తాము. ఎముకల్లో అక్కడక్కడ చెదిరి ఉంటే మాత్రం దారి వేరే. మందులతో అణచిపెట్టి ఉంచుకోవాల.”

“రెంటిలో ఏదైనా కానీమ్మా. చోటు తెలీకుండా మందు పేల్చినోడిని మా గనిలో ఆ రోజే ఇంటికి పంపేస్తా ఉండ్రి.”

ఇంటికొచ్చి చెబితే ఎస్తరమ్మత్తకు ‘దీపం’ వినిపించలేదు, ‘వాసి’ వినిపించలేదు. ‘చెదిరి ఉంటే’ ఒక్కటే వినిపించింది. ఆ రోజు నుంచి వద్దు వద్దంటూనే ఉంది. స్కానింగు ముందురోజు సాయంత్రం కళ్ళజోడు కూడా పోగొట్టుకుంది. మర్నాడు పొద్దున, “నేను రాను, నేను వచ్చి ఏం చూసేది?” అని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

స్కానింగు గది దగ్గర మామను చూసుకున్న అమ్మాయి పేరు సోనియా. బంగారపేట పిల్ల. సూది వేసి, ఒక లీటరు నీళ్ళ సీసా చేతికిచ్చి, ఒక చిన్న గదిలో పడుకోబెట్టింది. మందు ఒళ్ళంతా తిరగడానికి గంట పడుతుంది, కదలకుండా ఉండు తాతా అంది. గోడకు మాట్లాడే స్పీకరు ఉంది. అదే ఆమె చేసిన పొరపాటు.

పది నిమిషాలకు స్పీకరు పలికింది. “పాపా, ఇప్పుడు మందు యాడుండాది?”

“తిరుగుతా ఉండాది తాతా. పడుకో.”

ఇంకో పది నిమిషాలకు. “మోకాలు దాటిందా?”

“దాటింది తాతా.”

“కుడిదా, ఎడమదా?”

“రెండూ!”

అయిదోసారికి సోనియా స్పీకరు ముందు మోచేతులు ఆనించుకుని కూర్చుని, “ఇప్పుడే భుజం దగ్గర మలుపు తిరిగింది తాతా, ఇంగ మెడకు పోతాది” అని రైలు ప్రకటనలాగా చెప్పడం మొదలుపెట్టింది. బయట వరుసలో ఉన్న పేషెంట్లు కూడా చెవులు రిక్కించి వింటున్నారు. వాళ్ళలో సగం మందికి ఆ పూట మొదటిసారి నవ్వు వచ్చింది.

స్కాను అయ్యాక సోనియా జాగ్రత్తలు చెప్పింది. నీళ్ళు బాగా తాగాలి. ఒంట్లో కొంచెం రేడియేషన్ ఉంటుంది, దానంతట అదే పోతుంది. ఈ రోజుకు మాత్రం గర్భిణీలకు, చంటిపిల్లలకు కాస్త దూరంగా ఉండాలి.

“దూరం అంటే ఎంత?”

“రెండు మీటర్లు తాతా.”

కొలత చెప్పకుండా ఉండాల్సింది. ఆ సాయంత్రం ప్లాట్‌ఫారం మీద మామ జేబులోంచి సుద్దముక్క తీసి, తన చుట్టూ రెండు మీటర్ల గీత గీసుకుని నడుమ నిలబడ్డాడు. గీత దగ్గరికి వచ్చిన ప్రతి ఆడమనిషినీ నిలబెట్టి, ఎంతో మర్యాదగా, “అమ్మా, నీకేమైనా విశేషమా?” అని అడిగాడు. మూడో ఆమె మొగుడు చొక్కా చేతులు మడిచాడు. రోనాల్డ్ నడుమకు దూకి, “అన్నా, అన్నా, స్కానింగు, రేడియేషను, ముసలాయన మంచికే అడిగినాడు” అని కాళ్ళావేళ్ళా పడి విడిపించాడు.

బండిలో ఇంకోటి. కాలు పెట్టడానికి సందు ఉండని మారికుప్పం బండి అది. మామ సీటు చుట్టూ సుద్దగీత గీశాడు. ఎందుకని ఎవరో అడిగారు. రేడియేషను అని రోనాల్డ్ నోరు జారాడు. అయిదు నిమిషాల్లో పెట్టె సగం ఖాళీ. ఆ బండి పుట్టిన నాటి నుంచి ఎవరికీ దక్కని భోగం రోనాల్డ్‌కు దక్కింది. కిటికీ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

గీత దాటి వచ్చి కూర్చున్నది ఒక్క బచ్చప్ప. పక్కింటాయన, మామకు గనుల నాటి నేస్తం.

“పోప్పా, దూరం పో” అన్నాడు మామ.

“నాకు డెబ్బై. నాకింగ విశేషం లేదు” అని బచ్చప్ప అరటిపండు ఒలుచుకున్నాడు.

మూడు రోజులకు రిపోర్టు. ఈసారి ఎస్తరమ్మత్త కూడా బయల్దేరింది. కళ్ళజోడు లేకుండా వచ్చి ఏం చూస్తావత్తా అంటే, “చూడకూడదనే వస్తా ఉండాను. ఆయన చెయ్యి పట్టుకోవడానికి కళ్ళెందుకు?” అంది. దారి పొడుగునా మామ ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు. అది చూసే రోనాల్డ్‌కు భయమేసింది.

డాక్టరమ్మ తెర తమ వైపు తిప్పింది. బూడిదరంగు మనిషి ఆకారం. దాని నిండా మంటలు. దవడల దగ్గర వెలుగు, నడుముకు రెండు పక్కలా పెద్ద వెలుగు, కింద ఇంకొకటి. మామ చూస్తూ ఉండిపోయాడు. పెదవులు కదిలాయి. జీవితంలో మొదటిసారి ఆ మాట బయటికి రాలేదు.

“ఏమయ్యా?” అత్త తల దించుకునే అడిగింది. “ఏమయ్యా, చెప్పవేంది?”

ఆమె చేతిసంచిలో అడుగున చేయి పెట్టి, చీరగుడ్డలో చుట్టిన కళ్ళజోడు తీసి పెట్టుకుంది. తెర దగ్గరికి వంగింది.

“యాడ?” అంది ఎస్తరమ్మ. “యాడుండాదమ్మా? నాకు చూపించు.”

డాక్టరమ్మ నవ్వింది. “భయపడొద్దండి. ఈ పెద్దపెద్ద వెలుగులు అందరికీ ఉంటాయి. ఉమ్మి గ్రంథులు, మూత్రపిండాలు, మూత్రసంచి. మందు బయటికి పోయే దారి. వీధి దీపాల మాదిరి, ఎప్పుడూ వెలిగేవే. మనం వెతికింది వాటిని కాదు.” వేలు మెల్లగా కిందికి జరిగి, పొత్తికడుపు ఎడమ పక్కన ఒక చుక్క దగ్గర ఆగింది. “ఇది.”

“ఇంతేనా?”

“ఇంతే. ఒక లింఫు గ్రంథి. కందిగింజంత. ఎముకల్లో ఏమీ కనపడలేదు. ఇంకెక్కడా కనపడలేదు.”

“ఎన్ని మిల్లీమీటర్లు?” మామకు గొంతు తిరిగొచ్చింది.

“ఆరు.”

మామ చెవి మీది ఎర్ర పెన్సిల్ తీసి, రిపోర్టు కవరు మీద నడుమెముక గీసి, చుక్క పెట్టి, పక్కన ఆరు అని రాశాడు. గీత తిన్నగా పడింది.

“ముప్పై ఏండ్లు ప్లాన్లు చూసినానమ్మా. ఇంత శుభ్రమైనది చూడలేదు.”

ఇంకా చికిత్స ఉంది, కొన్ని వారాలు రోజూ రేడియేషన్, తోడుగా ఇంజెక్షన్లు, తర్వాత మళ్ళీ అంకె చూడాలి, మాట ఇవ్వలేను గానీ చోటు తెలిసింది కాబట్టి ధైర్యంగా గురి పెడతాము అని డాక్టరమ్మ అన్నీ వివరంగా చెప్పింది. మామ బుద్ధిగా విన్నాడు. లేచేముందు మాత్రం అడిగాడు.

“ఈ మందూ మిషనూ కనిపెట్టినోళ్ళు యాడ ఉంటారమ్మా?”

“ఒకరు కాదప్పా. చానా దేశాల్లో చానా మంది.”

“అదే, ఏ దిక్కు? దండం యాడికి పెట్టాలో తెలియాల గదా.”

మామ కుర్చీ వెనక్కి జరిపి, తూర్పుకొకటి, పడమరకొకటి, ఉత్తరానికొకటి, దక్షిణానికొకటి చేతులెత్తి దండం పెట్టాడు. అయిదోది సోనియా ఉండే గది ఉన్న గోడకు. అది కొంచెం పెద్ద దండం. అత్త డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. కళ్ళజోడు అడ్డం తగిలింది.

బయటికి వచ్చాక రోనాల్డ్ ఉండబట్టలేక అడిగేశాడు. “అత్తా, కళ్ళజోడు పోయిందంటివే?”

“యాడ పోతాది? సంచిలోనే పెట్టినాను. ఉంటే ఆ కాగితాలు చదవాల కదా.”

“నాకు తెలుసు” అన్నాడు మామ. “సంచి అడుగున ఎడమ మూల.”

“తెలిసి యాడ యాడ అని నా ప్రాణం తీసినావే?”

“నాకు తెలుసుంటే చాలదు ఎస్తరూ. తీయాల్సింది నువ్వు.”

బెంగళూరులో కూతురు ప్రిన్సీ ఇంట్లో ఉండి రేడియేషన్ పెట్టించుకోవాలని నిర్ణయమైంది. బయల్దేరే ముందురోజు పొద్దున మామ రోనాల్డ్‌ను పిలిచి, ముదురు రంగు అట్ట వేసిన ఒక బుక్కు ఒళ్ళో పెట్టాడు. గనుల నాటి సర్వే బుక్కు. రోనాల్డ్ పెదవి విరిచాడు. ముసలాయన ఎవరెక్కడ తిరిగారో రాసుకున్న చాడీల చిట్టా అనుకున్నాడు.

తెరిస్తే వీధి ప్లాను. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ‘మునివెంకటమ్మ. కుడి మోకాలు, లోపలి పక్క, నాలుగు చోట్లు. ఎముకల డాక్టరు క్యాంపుకు పోయి చూపించినాను. పట్టీ ఇచ్చినాడు.’

“మామా, నువ్వు పోయి చూపించినావా? ఆమె పోలేదా?”

“గంప ఇడిచి ఆమె యాడ వస్తాది? నేనే పోయినా. డాక్టరు నా మోకాలు చూసి, పెద్దాయనా నీకేమైంది అన్నాడు. నాకేం కాలేదు, ఇది మునివెంకటమ్మ మోకాలు అన్నాను. వరసలో ఉన్నోళ్ళంతా ఒకటే నవ్వు. ఆమెను పిల్చకరాపో, అప్పుడే పట్టీ అని తిట్టినాడు. మళ్ళీ వారం గంపతో సహా తీసుకపోయినా.”

పేజీలు తిప్పుతుంటే ‘రోనాల్డ్’ వచ్చింది. పేజీ నిండా అడ్డంగా రైలు బండి బొమ్మలు. ఒకదాని కింద ఒకటి, నాలుగు. ఒక్కో పెట్టెకు ఒక్కో గడి. మొదటి వరుసలో అన్ని గడులకూ నీలం ఇంటూ. రెండో వరుస, అన్నీ ఇంటూలు. మూడో వరుసా అంతే. నాలుగో వరుసలో ఏడో గడి చుట్టూ ఎర్ర సున్నా. పక్కన చిన్న అక్షరాలు. ‘దొరికినాడు. ఏమీ తినలేదు. పెరుగన్నం.’

రోనాల్డ్ ఆ పేజీ చాలాసేపు చూశాడు. మూడు రోజులు, పెట్టె పెట్టె, అంత గుంపులో.

“బీన్సు విత్తనాలకని చెప్తివే మామా?”

“ఆ నెలలో యాడ విత్తనాలురా?”

అతనికి నవ్వొచ్చింది. ముక్కు కూడా తుడుచుకోవాల్సి వచ్చింది. మామ చూడనట్టు పెన్సిల్ చెక్కుకున్నాడు.

“గనిలో రాయి పేలితే పైన మన ఇండ్లల్లో గిన్నెలు ఎగిరి పడతా ఉండె” అన్నాడు, చెక్కుతూనే. “అందరూ గేటు కాడికి ఉరికి, ఎవరు, ఎవరు అని ఏడుస్తా ఉండ్రి. ఎవరు అని తెలిస్తే ఏడవడానికి పనికొస్తాది. యాడ అని తెలిస్తే మనిషిని బయటికి తేవడానికి పనికొస్తాది. అప్పుడు పట్టుకునింది ఈ మాట. అంతే.”

తర్వాత చివరి పేజీ తిప్పమన్నాడు. వీధి ప్లానులో నాలుగు ఇళ్ళకు ఎర్ర చుక్క.

“ఇవేంది?”

“అరవై దాటిన మగోళ్ళు. పొద్దున కొళాయి కాడ పెండ్లాలు చెప్తారు, ఈయన రాత్రంతా మూత్రానికి లేస్తానే ఉండాడు అని. ఈయనను అడిగితే ఏమీ లేదంటాడు. సిగ్గు. నేనూ అట్లే ఏడాది దాచినా. ఊరందరినీ యాడ యాడ అని అడిగినోడిని, నన్ను నేను అడగలేదు. డాక్టరమ్మ చెప్పింది, అందరికీ క్యాన్సరే ఉండదు, ఊరికే వాపు కూడా ఉంటాది, కానీ ఒకసారి చూపించుకోండి, కావాలంటే రక్తం పరీక్ష చేస్తాము అని. నేను తిరిగొచ్చే లోపల ఈ నలుగురినీ నువ్వు తీసుకపోవాల.”

“నాకు ఎవరు చెప్తారు మామా? కాలేజీ మానేసినోడికి.”

“నీకే చెప్తారు. నీకు పనీపాటా లేదని అందరికీ తెలుసు. నిదానంగా వింటావనుకుంటారు.”

రోనాల్డ్ బుక్కు మూశాడు. మామ తన చెవి మీది ఎర్ర పెన్సిల్ తీసి, చెక్కిన కొసను ఊది, అతని చెవి మీద పెట్టాడు. పడకుండా ఉందో లేదో కాస్త వెనక్కి జరిగి చూశాడు.

“ఇదిగో రోనీ, ముందు బచ్చప్ప. ఈ పొద్దే పో. నాకేమీ లేదప్పా అంటాడు. నమ్మద్దు. ‘యాడ లేదు?’ అని అడుగు. చెప్పేదాకా మెట్టు దిగద్దు.”